షెల్‌లో నడిచిన ఫార్ములా ఫైలు ప్రోగ్రాంలో పెడితే 'ఆ పేరే లేదు' అంటోంది, ఎందుకు?

మీరు అడిగిందాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. చిత్తూరు దగ్గర మీ మామయ్యగారి మామిడి మండీకి పైథాన్‌లో లెక్కల ప్రోగ్రాం రాస్తున్నారు. తోతాపురి లోడు మండీలో దిగితే ఒక తరుగు, నేరుగా గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్తే ఇంకో తరుగు. ఈ లెక్కలు సీజన్ మధ్యలో మారుతుంటాయి కాబట్టి ఫార్ములాలను రెండు విడి ఫైళ్ళలో పెట్టి, ఎగ్జెక్‌తో (పాఠంగా ఇచ్చిన కోడ్‌ను నడిపే పైథాన్ ఫంక్షన్) నడిపిస్తున్నారు. షెల్‌లో (లైను టైప్ చేయగానే నడిపి చూపే పైథాన్ కిటికీ) కూర్చుని అదే ఫైలును ఎగ్జెక్ చేస్తే అంతా బాగుంది. ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్ లోపల అదే ఎగ్జెక్ పెడితే 'తరుగు అనే పేరు లేదు' అని నేమ్ ఎర్రర్ వస్తోంది. తరుగు ఫంక్షనేమో ఆ ఫైల్లోనే, పై లైన్లోనే ఉంది. ఎవరో చెప్పారని ఫైలు మొదట్లో గ్లోబల్ అని రాస్తే ఎర్రర్ పోయింది కానీ, రెండో ఫైలు లోడ్ అయ్యాక మండీ లెక్క తప్పు వస్తోంది. ఇంకోటి, మీ ఇంట్లో పైథాన్ 3.11లో నడిచిన ప్రోగ్రాం మండీ కంప్యూటర్‌లోని 3.13లో కీ ఎర్రర్ ఇస్తోంది. ఇంటర్‌ప్రెటర్‌లోనే బగ్ ఉందా అని మీ అనుమానం.

ఇంటర్‌ప్రెటర్‌లో బగ్ లేదు. మీరు చూసిన మూడూ ఒకే జబ్బుకు మూడు లక్షణాలు. మూడింట్లో నన్ను భయపెట్టింది మాత్రం మధ్యది, ఎర్రర్ లేకుండా తప్పు అంకె రావడం. దాని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఆ అంకె రైతు చేతికి వెళ్ళే డబ్బు.

మీ ఫైలును కుదించి ఇలా రాసుకుంటున్నాను. కీవర్డులు కూడా తెలుగు లిపిలోనే పెడుతున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా చేసుకోండి. పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా పైథాన్ 3కి ఇబ్బంది లేదు.

తరుగు_శాతం = 5
డెఫ్ తరుగు(టన్నులు): రిటర్న్ టన్నులు * తరుగు_శాతం / 100
డెఫ్ నికరం(టన్నులు): రిటర్న్ టన్నులు - తరుగు(టన్నులు)

ప్రోగ్రాంలో 'లోడ్_చెయ్యి' అనే ఫంక్షన్ ఉంది. అది ఫైలు చదివి, ఎగ్జెక్(పాఠం) అని పిలిచి, తర్వాత లోకల్స్() లోంచి నికరం అనే పేరు తీసి తిరిగి ఇస్తోంది. ఆ నికరాన్ని 12 టన్నులతో పిలవగానే ఎర్రర్.

తిరుపతి బస్టాండులో నిలబడి 'వెంకటేశూ' అని కేకేస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. ఒట్టి పేరుతో మనిషి దొరకడు, ఏ ఇంటి వెంకటేశో చెప్పాలి. పైథాన్‌లోనూ అంతే. పేరు అంటే ఏదో ఒక డిక్షనరీలో, అంటే పేరు పక్కన విలువ ఉంచే పట్టికలో, ఒక తాళంచెవి. 'తరుగు ఉందా?' అనే ప్రశ్నకు అర్థం లేదు, 'తరుగు ఏ డిక్షనరీలో ఉంది, ఇప్పుడు ఏ డిక్షనరీలో వెతుకుతున్నారు?' అనేదే ప్రశ్న. నేమ్‌స్పేస్ గొడవ, అంటే ఏ పేరు ఏ డిక్షనరీదనే గొడవ, ఏది వచ్చినా నేను మొదట అడిగేది ఇదే. విలువ ఎంత ఉందో తర్వాత చూస్తాను.

ఇక ఫంక్షన్ సంగతి. ఫంక్షన్ పుట్టినప్పుడు దానికి ఒక గ్లోబల్స్ డిక్షనరీ (పైస్థాయి పేర్లు ఉండే డిక్షనరీ) అంటించి పంపుతారు. అదే దాని పుట్టిల్లు. ఆ తర్వాత ఆ ఫంక్షన్‌ను ఏ మాడ్యూల్ (లోడైన పైథాన్ ఫైలు) నుంచి పిలిచినా, ఏ లిస్టులో దాచినా, ఎవరికి ఆర్గ్యుమెంటుగా ఇచ్చినా, తనకు తెలియని పేరు ఎదురైతే కబురు వెళ్ళేది పుట్టింటికే. పిలిచినవాళ్ళ ఇంట్లో వెతకదు. పుట్టింట్లో కూడా లేకపోతే ప్రింట్, లెన్ లాంటివి ఉండే బిల్టిన్స్‌లో చూస్తుంది. అక్కడా లేకపోతే నేమ్ ఎర్రర్.

షెల్‌లో ఎగ్జెక్ చేసినప్పుడు ఏం జరిగింది? షెల్‌లోనైనా మాడ్యూల్ పైస్థాయిలోనైనా గ్లోబల్స్, లోకల్స్ (కోడ్ నడుస్తున్న చోటి సొంత పేర్లు) రెండూ ఒకే డిక్షనరీ. తరుగు_శాతం, తరుగు, నికరం మూడూ అందులోకే వెళ్ళాయి. నికరం పుట్టిల్లు కూడా అదే. వెతికితే దొరికింది.

ఫంక్షన్ లోపల ఎగ్జెక్ చేసినప్పుడు గ్లోబల్స్ వేరు, లోకల్స్ వేరు. మీరు ఏ డిక్షనరీ ఇవ్వలేదు కాబట్టి ఎగ్జెక్ తనంతట తాను రెండు తీసుకుంటుంది. గ్లోబల్స్‌గా మీ ప్రోగ్రాం మాడ్యూల్ డిక్షనరీ, లోకల్స్‌గా లోడ్_చెయ్యి ఫంక్షన్ లోకల్స్ నకలు. ఫైల్లో పైస్థాయిలో రాసిన ప్రతి పేరూ, డెఫ్‌తో పెట్టిన పేర్లు కూడా, ఆ లోకల్స్ నకల్లోకి వెళ్తాయి. కానీ ఆ ఫంక్షన్లకు పుట్టిల్లుగా అంటించేది గ్లోబల్స్‌ను, అంటే మీ ప్రోగ్రాం మాడ్యూల్‌ను. తరుగు అనే పేరు ఒక ఇంట్లో రాసి ఉంది, నికరం వెతుకుతున్నది ఇంకో ఇంట్లో. అందుకే పై లైన్లో కళ్ళ ముందే ఉన్న పేరు దానికి లేనట్టే.

ఇక్కడ మీకో సందేహం రావాలి. 'ఫంక్షన్ లోపల ఫంక్షన్ రాస్తే బయటి ఫంక్షన్ వేరియబుల్స్ లోపలివాడికి కనిపిస్తాయి కదా, ఇక్కడెందుకు కనిపించవు?' మంచి సందేహమే. ఆ సౌకర్యం కంపైల్ అయ్యేటప్పుడు, అంటే పాఠాన్ని నడపగల కోడ్‌గా మార్చేటప్పుడు, ఏర్పడుతుంది. ఒకే పాఠంలో లోపలి ఫంక్షన్‌నూ బయటి ఫంక్షన్‌నూ కలిపి చూసి, 'ఈ పేరు బయటివాడిది' అని కంపైలర్ ముడి వేస్తుంది. ఎగ్జెక్‌కు ఇచ్చిన పాఠం విడిగా కంపైల్ అవుతుంది. తనను ఎవరి లోపల నడపబోతున్నారో దానికి తెలియదు. కాబట్టి నికరంలో ఉన్న తరుగు అనే పేరును 'గ్లోబల్' అని ముద్ర వేసి వదిలేస్తుంది.

క్లాసు లోపల కోడ్ రాసిన అనుభవం ఉంటే ఇది ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది. క్లాసు శరీరంలో శాతం = 5 అని రాసి, కింద ఒక మెథడ్‌లో ఊరికే శాతం అని వాడితే దొరకదు, సెల్ఫ్ చుక్క శాతం అనాలి. రెండు వేర్వేరు డిక్షనరీలతో నడిచే ఎగ్జెక్ సరిగ్గా క్లాసు శరీరం లాగే ప్రవర్తిస్తుంది. పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ఎగ్జెక్ పేజీలో ఈ మాట రాసే ఉంది. చాలామంది ఆ వాక్యాన్ని దాటి వెళ్ళిపోతారు.

నా మాట నమ్మనక్కర్లేదు, మీరే చూడొచ్చు. నికరం ఫంక్షన్ చేతికొచ్చాక దాని డండర్ గ్లోబల్స్ అట్రిబ్యూట్ (డండర్ అంటే పేరుకు ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు) తీసి, 'ఈజ్' ఆపరేటర్‌తో మీ ప్రోగ్రాం గ్లోబల్స్()తో పోల్చండి. ట్రూ వస్తుంది. తర్వాత తరుగు అనే పేరు ఆ డిక్షనరీలో ఉందా అని 'ఇన్'తో అడగండి. ఫాల్స్ వస్తుంది. ఈ రెండు జవాబులతో కేసు తేలిపోయినట్టే. ఇంకా లోపలికి వెళ్ళాలంటే డిస్ మాడ్యూల్‌తో నికరం బైట్‌కోడ్ (కంపైల్ అయ్యాక ఇంటర్‌ప్రెటర్ నడిపే చిన్న ఆదేశాలు) తెరిచి చూడండి. తరుగు పక్కన లోడ్ గ్లోబల్ అని ఉంటుంది. ఈ ఆదేశం గ్లోబల్స్‌లో, ఆ తర్వాత బిల్టిన్స్‌లో మాత్రమే వెతుకుతుంది. టన్నులు పక్కన లోడ్ ఫాస్ట్‌తో మొదలయ్యే ఆదేశం ఉంటుంది. అంటే అది డిక్షనరీలో కూడా లేదు, ఫంక్షన్ ఫ్రేములో (నడుస్తున్నంతసేపు దానికి కేటాయించే చోటు) ఒక నంబరు గల గడిలో ఉంది. ఫైలు పాఠాన్నే కంపైల్ చేసి చూస్తే పైస్థాయి పేర్లకు స్టోర్ నేమ్, లోడ్ నేమ్ అని కనిపిస్తాయి. లోడ్ నేమ్ మాత్రం ముందు లోకల్స్, తర్వాత గ్లోబల్స్, చివరికి బిల్టిన్స్ చూస్తుంది. అందుకే ఫైల్లో పైస్థాయిలో నికరం పేరును పలికితే దొరుకుతుంది, దాని లోపలికి అడుగు పెట్టాకే ఎర్రర్ వస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళకు మతి పోయేది ఇక్కడే.

ఇప్పుడు ఆ గ్లోబల్ మందు గురించి. ఫైలు మొదట్లో 'గ్లోబల్ తరుగు_శాతం, తరుగు' అని రాశారు. దాంతో ఆ రెండు పేర్లూ లోకల్స్ నకల్లోకి కాకుండా నేరుగా మీ ప్రోగ్రాం మాడ్యూల్ డిక్షనరీలోకి వెళ్ళాయి. నికరం అక్కడే వెతుకుతుంది కాబట్టి దొరికాయి, ఎర్రర్ పోయింది. తర్వాత ఫ్యాక్టరీ ఫైలు లోడ్ అయింది. అందులోనూ అవే పేర్లు, శాతం మాత్రం 8. అవి కూడా అదే డిక్షనరీలోకి వెళ్ళి, మండీ ఫైలు పెట్టిన వాటి మీద కూర్చున్నాయి. మీరు ముందే తీసి దాచుకున్న మండీ నికరం ఇంకా బతికే ఉంది. కానీ అది తరుగు అనే పేరును పుట్టినరోజున వెతికి గుర్తుపెట్టుకోలేదు. పిలిచిన ప్రతిసారీ కొత్తగా వెతుకుతుంది. ఇప్పుడు వెతికితే ఫ్యాక్టరీ తరుగు దొరుకుతోంది.

మీ అంకెలతోనే చూడండి. 12 టన్నుల లోడుకు 5 శాతం తరుగు పోతే నికరం 11.4 టన్నులు. ఫ్యాక్టరీ ఫైలు లోడ్ అయ్యాక అదే మండీ నికరం 11.04 టన్నులు చూపిస్తుంది. తేడా 360 కిలోలు. కిలో 8 రూపాయలు వేసుకున్నా ఒక్క లోడు మీద 2,880 రూపాయలు రైతు లెక్కలోంచి పోయినట్టు. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరం ఒక్కటి కూడా కనిపించదు, రసీదు చక్కగా ప్రింటవుతుంది. తరుగు పేరుతో ఎంత కోశారనేది మామిడి రైతు ఎప్పుడూ కళ్ళు పెట్టి చూసుకునే విషయం. ఆ లెక్క యంత్రం చెప్పిందంటే అతను ఎదురు ప్రశ్న వేయలేడు. కాబట్టి ఆ గ్లోబల్ లైన్ ఇవాళే తీసేయండి. నేమ్ ఎర్రర్ వచ్చిన ప్రోగ్రాం మీకు నిజం చెప్పింది, గ్లోబల్ పెట్టిన ప్రోగ్రాం ఆ నిజాన్ని దాచింది.

మూడోది, 3.13లో కీ ఎర్రర్. ఫంక్షన్ లోకల్ వేరియబుల్స్ నిజానికి డిక్షనరీలో ఉండవని పైన చెప్పాను కదా, గడుల్లో ఉంటాయి. లోకల్స్() అని పిలిస్తే ఆ గడుల్లోని విలువలను ఒక డిక్షనరీలోకి ఎత్తి ఇస్తారు. 3.12 వరకు ఒక ఫ్రేముకు ఒకటే అలాంటి డిక్షనరీ ఉండేది. ఎన్నిసార్లు పిలిచినా అదే డిక్షనరీని తాజా చేసి ఇచ్చేవాళ్ళు. అందువల్ల ఎగ్జెక్ అందులో అదనంగా రాసిన నికరం అనే పేరు అక్కడే మిగిలిపోయి, తర్వాత మీరు లోకల్స్() పిలిస్తే దొరికేది. అది మీకు హామీగా ఇచ్చిన ప్రవర్తన కాదు, అలా జరిగిపోయేది అంతే. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో పెప్ 667 (పైథాన్ మార్పుల ప్రతిపాదనల్లో ఒకటి) ప్రకారం దీన్ని శుభ్రం చేశారు. ఇప్పుడు ఫంక్షన్‌లో లోకల్స్() పిలిచిన ప్రతిసారీ ఒక కొత్త, విడి నకలు వస్తుంది. ఎగ్జెక్ ఒక నకల్లో రాసింది, మీరు ఇంకో నకల్లో వెతికారు. కీ ఎర్రర్ రాక ఏమవుతుంది? మండీ కంప్యూటర్‌లో పాత వెర్షన్ వేసేస్తే సరిపోతుందని రాశారు, దయచేసి ఆ పని చేయకండి. జబ్బు అలాగే ఉంటుంది, జ్వరం కొలిచే థర్మామీటరు తీసేసినట్టవుతుంది.

మందు చాలా చిన్నది. ఒక్కో ఫార్ములా ఫైలుకు ఒక్కో ఖాళీ డిక్షనరీ చేయండి, దాన్ని ఎగ్జెక్‌కు రెండో ఆర్గ్యుమెంటుగా ఇవ్వండి, మూడోది ఇవ్వకండి.

డెఫ్ లోడ్_చెయ్యి(పాఠం, ఫైలు_పేరు):
    ఇల్లు = {}
    కోడ్ = కంపైల్(పాఠం, ఫైలు_పేరు, 'ఎగ్జెక్')
    ఎగ్జెక్(కోడ్, ఇల్లు)
    రిటర్న్ ఇల్లు

ఒకే డిక్షనరీ ఇస్తే అదే గ్లోబల్స్, అదే లోకల్స్. షెల్‌లో ఉన్న పరిస్థితే ఇక్కడా ఏర్పడుతుంది. మూడు పేర్లూ అందులోకే వెళ్తాయి, మూడింటి పుట్టిల్లూ అదే. మండీ ఫైలుకు ఒక ఇల్లు, ఫ్యాక్టరీ ఫైలుకు ఇంకో ఇల్లు, ఎవరి తరుగు వాళ్ళకు. నికరం కావాలంటే తిరిగొచ్చిన డిక్షనరీ లోంచే తీసుకోండి, లోకల్స్() జోలికి పోకండి. ఆ డిక్షనరీని ప్రింట్ చేస్తే మీరు పెట్టని డండర్ బిల్టిన్స్ అనే పేరు ఒకటి కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మీరు ఇవ్వకపోతే పైథానే దాన్ని చేరుస్తుంది, లేకపోతే ఫార్ములాలో రౌండ్ కూడా పనిచేయదు.

మధ్యలో కంపైల్ ఎందుకు పెట్టానంటే, నేరుగా పాఠాన్ని ఎగ్జెక్ చేస్తే ఎర్రర్ వచ్చినప్పుడు ట్రేస్‌బ్యాక్‌లో ఫైలు పేరు బదులు స్ట్రింగ్ అని మాత్రమే వస్తుంది. రెండు ఫైళ్ళలో ఏది తప్పో తెలియదు. ఫైలు అసలు పాత్ ఇస్తే, తప్పిన లైన్ కూడా ట్రేస్‌బ్యాక్‌లో కనిపిస్తుంది. సీజన్లో, బయట లారీలు నిలబడి ఉన్నప్పుడు, ఆ ఒక్క లైన్ మీ టెన్షన్ సగం తగ్గిస్తుంది.

అన్ని ఫార్ములాలకూ ఉమ్మడిగా కొన్ని పేర్లు ఇవ్వాలనుకుంటే, ఉదాహరణకు హమాలీ ఖర్చు లెక్కేసే ఫంక్షన్, ఒక మూల డిక్షనరీ ఉంచుకుని, ప్రతి ఫైలుకూ దాని కాపీ ఇవ్వండి. కాపీ అనే మాట మర్చిపోయి మూల డిక్షనరీనే రెండు ఫైళ్ళకూ ఇచ్చారంటే మళ్ళీ మొదటికొస్తుంది, 360 కిలోలు మళ్ళీ పోతాయి. అలాగే మామయ్యగారు శాతం మార్చమన్నప్పుడు పాత ఇంట్లోకే మళ్ళీ ఎగ్జెక్ చేయకండి, కొత్త డిక్షనరీ చేయండి. పాతదాంట్లోకి చేస్తే, కొత్త ఫైల్లో మీరు తీసేసిన పేర్లు కూడా పాతవి అక్కడే మిగిలి, ఎవరో ఒకరికి దొరుకుతూ ఉంటాయి. లోడైన మాడ్యూల్‌ను మళ్ళీ నడిపే ఇంపోర్ట్‌లిబ్ రీలోడ్‌లో కూడా ఇదే చిక్కు, అది పాత మాడ్యూల్ డిక్షనరీనే మళ్ళీ వాడుతుంది.

రన్‌పై మాడ్యూల్‌లో రన్ పాత్ అని ఒకటుంది, అది ఫైలును నడిపి గ్లోబల్స్ డిక్షనరీ ఇస్తుంది, దాన్ని వాడొచ్చా అని మీరు అడగొచ్చు. ఫైలు నడిచి తేల్చిన విలువలు తీసుకోవడానికైతే వాడండి. కానీ దాంతో వచ్చిన ఫంక్షన్లు, రన్‌పై పని ముగిశాక కూడా సరిగ్గా పనిచేస్తాయన్న హామీ లేదని దాని డాక్యుమెంటేషనే చెప్తుంది. మీకు కావాల్సింది తర్వాత పిలవడానికి ఫంక్షన్లు. కాబట్టి మీ పనికి అది వద్దు. ఫార్ములా ఫైళ్ళు పెరిగి పదో ఇరవయ్యో అయితే అప్పుడు ఇంపోర్ట్‌లిబ్‌తో వాటిని నిజమైన మాడ్యూళ్ళుగా లోడ్ చేయడం మంచిది. రెండు ఫైళ్ళకు అంత హంగామా అక్కర్లేదు.

ఒక మాట భద్రత గురించి. ఈ ఫైళ్ళు మీరు, మామయ్యగారు మాత్రమే రాస్తున్నంత వరకు సరే. బయటివాళ్ళు వాట్సాప్‌లో పంపిన ఫార్ములాను ఎగ్జెక్ చేయకండి. బిల్టిన్స్ ఖాళీ చేసి ఇస్తే భద్రం అని కొందరు చెప్తారు, అది నిజం కాదు. దాన్ని దాటుకుని వెళ్ళే దారులు చాలా ఉన్నాయి.

విలువ కన్నా ముందు డిక్షనరీ చూడమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి గదుల కేటాయింపు ప్రోగ్రాం రాశాను. 'గదులు' అనే ఫైల్లో ఖాళీ గదుల లిస్టు, కౌంటర్ స్క్రీన్ కోడ్ ఉండేవి. దాన్నే నేరుగా నడిపేవాళ్ళం. 'రసీదు' అనే ఇంకో ఫైలు గదులును ఇంపోర్ట్ చేసుకుని, డబ్బు కట్టగానే ఆ గదిని లిస్టులోంచి తీసేసేది. మామూలు రోజుల్లో గదులు చాలా ఖాళీగా ఉండటంతో ఎవరికీ తేడా తెలియలేదు. వైకుంఠ ఏకాదశి ముందురోజు రాత్రి ఒకే గది రెండు కుటుంబాలకు ఇచ్చేశారు. కడప నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు చిన్నపిల్లలతో, చేతిలో రసీదుతో, తాళం వేసి ఉన్న గది ముందు నిలబడ్డారు. ఆ పిల్లలు సామాన్ల మీదే తల పెట్టుకుని నిద్రపోవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

ఆ రాత్రంతా నేను లిస్టు విలువలు ప్రింట్ చేస్తూ కూర్చున్నాను. కౌంటర్ వైపు ప్రింట్ చేస్తే గది ఉంది. రసీదు వైపు తీసేసే లైన్ ముందు ప్రింట్ చేస్తే ఉంది, తర్వాత ప్రింట్ చేస్తే లేదు. తీసేసే కోడ్ సరిగ్గానే ఉంది, చూపించే కోడ్ కూడా సరిగ్గానే ఉంది. తెల్లవారుజామున విలువలు వదిలేసి, రెండు వైపులా ఆ లిస్టు ఐడీ (ఏ వస్తువో చెప్పే నంబరు) ప్రింట్ చేశాను. రెండు వేర్వేరు నంబర్లు. పక్కనే డండర్ నేమ్ ప్రింట్ చేస్తే ఒక వైపు డండర్ మెయిన్, ఇంకో వైపు గదులు.

జరిగింది ఏమిటంటే, నేరుగా నడిపిన ఫైలు సిస్ మాడ్యూల్స్‌లో (లోడైన మాడ్యూళ్ళ జాబితా) డండర్ మెయిన్ అనే పేరుతో నమోదవుతుంది. రసీదు వచ్చి 'ఇంపోర్ట్ గదులు' అన్నప్పుడు, గదులు అనే పేరుతో ఎవరూ నమోదు కాలేదు కాబట్టి పైథాన్ అదే ఫైలును మళ్ళీ మొదటినుంచీ నడిపి రెండో మాడ్యూల్ చేసింది. ఒకే ఫైలు, రెండు డిక్షనరీలు, రెండు లిస్టులు. స్క్రీన్ కోడ్ 'డండర్ మెయిన్ అయితేనే' అనే షరతు లోపల ఉండటంతో రెండోసారి నడిచినట్టు ఏ జాడా కనిపించలేదు. ఖాళీ గదుల లిస్టును, దాన్ని మార్చే ఫంక్షన్లను ఎవరూ నేరుగా నడపని మూడో ఫైల్లోకి మార్చి, మిగతా రెండూ దాన్ని ఇంపోర్ట్ చేసుకునేలా చేశాను. పది నిమిషాల పని. దాన్ని కనుక్కోవడానికి మాత్రం రాత్రంతా పట్టింది, విలువలు చూస్తూ ఉండటం వల్ల.

మీ ప్రోగ్రాంలో కూడా ఇలాంటిది ఒకటి నాకు కనిపించింది. 'ఫ్రమ్ సెట్టింగ్స్ ఇంపోర్ట్ కిలో_ధర' అని రాశారు. అలా రాస్తే ఆ క్షణంలో ఉన్న విలువకు మీ మాడ్యూల్‌లో ఇంకో పేరు పెట్టినట్టు. తర్వాత సెట్టింగ్స్‌లో కిలో_ధరకు కొత్త విలువ ఇస్తే మీ దగ్గరున్న పేరు పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. ధర రోజూ మారేది కాబట్టి 'ఇంపోర్ట్ సెట్టింగ్స్' అని, వాడే ప్రతి చోటా సెట్టింగ్స్ చుక్క కిలో_ధర అని రాయండి. ఫార్ములా ఫైళ్ళలో ఇంకో జాగ్రత్త ఉంది. ఏ ఫంక్షన్ లోపలైనా తరుగు_శాతం = తరుగు_శాతం + 1 అని రాస్తే ఆ పేరు ఆ ఫంక్షన్ మొత్తానికీ లోకల్ అయిపోయి, అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ వస్తుంది. శాతాన్ని లోపల మార్చకండి, ఆర్గ్యుమెంటుగా పంపండి.

డీబగ్గర్ వాడేవాళ్ళకు ఒక చిన్న హెచ్చరిక కూడా. పైథాన్ డీబగ్గర్ పీడీబీలో ఫంక్షన్ మధ్య ఆగి, లోకల్ వేరియబుల్ వాడుతూ ఒక లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) టైప్ చేస్తే, పాత వెర్షన్లలో 'పేరు లేదు' అంటుంది. కోడ్ తప్పని కాదు. పీడీబీ కూడా మీరు టైప్ చేసినదాన్ని ఆ ఫ్రేము గ్లోబల్స్, లోకల్స్ అనే రెండు డిక్షనరీలతో ఎగ్జెక్ చేస్తుంది, మీ ఫార్ములా ఫైలు కథే అక్కడా. ఇంటరాక్ట్ అని కమాండ్ ఇస్తే అన్ని పేర్లూ ఒకే చోట ఉన్న షెల్ తెరుచుకుంటుంది, అందులో దొరుకుతాయి.

మార్పులు చేశాక మండీలో పెట్టే ముందు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. రెండు ఫైళ్ళూ లోడ్ చేసి, మండీ నికరాన్ని, ఫ్యాక్టరీ నికరాన్ని 12 టన్నులతో పిలవండి. మొదటిది 11.4, రెండోది 11.04 రావాలి. తర్వాత లోడ్ చేసే వరుస తిప్పి, ఫ్యాక్టరీ ఫైలు ముందు, మండీ ఫైలు తర్వాత పెట్టి మళ్ళీ పిలవండి. అవే అంకెలు రావాలి. 3.11లోనూ 3.13లోనూ ఇదే చేయండి. ఎక్కడైనా ఒక్క అంకె మారితే, ఆ రెండు నికరాల డండర్ గ్లోబల్స్ ఐడీలు ప్రింట్ చేసి నాకు పంపండి. విలువలు పంపనక్కర్లేదు, ఐడీలు చాలు.